బేత్లెహేము బావి నీళ్లు, మన యింటి కరెంటు

పాఠ్యభాగము: 2 సమూయేలు 23:13-17



కోతకాలపు ఎండలో దావీదునకు బేత్లెహేము బావి నీటిమీద ఆశ పుట్టెను. ముగ్గురు శూరులు శత్రువుల దండులో చొరబడి ఆ నీరు తెచ్చిరి. దావీదు దానిని నోట పెట్టలేదు. దేవుని యెదుట పారబోసెను. ఇది వృథా చేయుట కాదు. అన్యుల ప్రాణముల వెల యెరిగి, దానిని తన సుఖమునకు వాడుకొనక దేవునికి అర్పించుట.

ఈ పాఠము కొత్తగూడెములోని మనకు మిక్కిలి దగ్గరిది. స్విచ్చి వేయగానే వచ్చు కరెంటులో మన బొగ్గుబాయిల కష్టమున్నది. సింగరేణి బొగ్గు పాల్వంచ, రామగుండము విద్యుత్కేంద్రములలో కాలుచున్నది. అట్టి చోట ఒక్క యూనిటుకు అరకిలోకు పైగా బొగ్గు పోవును. ఆ బొగ్గు తీయువారు మన తండ్రులు, మన అన్నదమ్ములు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిరి. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద, నెలకు 200 యూనిట్ల వరకు వాడు అర్హులైన యిండ్లకు బిల్లు లేదు. బిల్లు లేనంతమాత్రమున వెల లేనట్లు కాదు.

అట్లయిన 45 డిగ్రీల యెండలో కూలరు మానవలెనా? కాదు. నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రించువానికి, రోగికి, పసిబిడ్డకు, వృద్ధులకు చల్లని గది అవసరము. అవసరము వేరు, వృథా వేరు. అయిదువేల మందికి సమృద్ధిగా పెట్టిన ప్రభువే మిగిలిన ముక్కలను పోగు చేయించెను (యోహాను 6:12).

కనుక లెక్క తెలిసికొందము. వెయ్యి వాట్లు ఒక గంట వాడిన ఒక యూనిటు. ఒకటిన్నర టన్ను ఏ.సి.కి సుమారు 1500 వాట్లు, కూలరుకు 200, పాత ఫ్యానుకు 75, బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 35, బల్లమీది కంప్యూటరుకు 100 పైన, ల్యాప్‌టాప్‌కు 50 వాట్లు.

1. ఏ.సి.ని 24 డిగ్రీలకంటె తగ్గింపక, ఫ్యానుతో కలిపి వాడుదము. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు 6 శాతము మిగులునని బి.ఇ.ఇ. అను కేంద్ర ప్రభుత్వ సంస్థ చెప్పుచున్నది.

2. కూలరు నడుచునప్పుడు ఎదుటి కిటికీ తెరచియుంచుదము. మూసిన గదిలో తేమ నిండి ఉక్కపోయును.

3. పిల్లల పాఠము ముగియగానే కంప్యూటరు ఆపి, గోడ స్విచ్చి తీయుదము. తెరమీద బొమ్మలు కదలుచున్నంతసేపు కరెంటు పోవుచునే యుండును. పైగా ఆ కరెంటంతయు వేడిగా మారి గదిని కాచును. దానిని చల్లార్చుటకు ఏ.సి. మరింత శ్రమపడును.

ఇంటివారు కూడి ఆలోచించుటకు: మన యింట ఎవరికిని ఉపయోగము లేక నడుచుచున్నదేది? మిగిలిన సొమ్ముతో ఏ బీదయింటి వేసవి కష్టము తీర్చగలము?

ప్రార్థన: ప్రభువా, ఈ రాత్రి బాయి దిగువారిని క్షేమముగా ఇల్లు చేర్చుము. వారి చెమటతో వచ్చిన వెలుగును భయభక్తులతో వాడుకొను మనస్సు మాకిమ్ము. ఆమేన్.