సూదికి బొమ్మ నేర్పడం

కుట్టుపనికీ గణితశాఖకీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. మొన్నటి వార్షికోత్సవానికి మన సంఘం బ్యాడ్జీలు మిషను మీద కుట్టించే పని నా నెత్తిన పడింది. దీపం, పుస్తకం, చుట్టూ కళాశాల పేరు, కింద "విద్యార్థి సంఘం" అని కంప్యూటర్లో గీశాను. ఒక్క మీట నొక్కితే సాఫ్ట్‌వేరు బొమ్మంతా కుట్లుగా మార్చేసింది. ఆ ఫైలు పట్టుకెళ్ళి 40 బ్యాడ్జీలు ఒకేసారి కుట్టించేశాను. ముందు ఒక నమూనా చూసుకోవాలన్న జ్ఞానం లేకపోయింది.

పంచిపెట్టబోతుంటే తెలుగు లెక్చరరు గారు ఒకటి తీసి, కళ్ళజోడు సవరించుకుని, "ఏమయ్యా, మీ పేరు మీకే రాయడం రాదా?" అన్నారు. చూస్తే థ-వత్తు కడుపులో చుక్క లేదు. "విద్యార్ధి" అయి కూర్చుంది. సగం ఊరు అలాగే రాస్తుంది కదండీ అని నసిగాను గానీ, ఆయన ముందు అది చెల్లలేదు.

బ్యాడ్జీల మూట పట్టుకుని మిషను మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన నవ్వి, "బొమ్మ బాగానే గీశారు బాబూ, సూది ఎటునుంచి ఎటు పోవాలో చెప్పలేదు. దానికేం తెలుసు పాపం" అన్నారు. ఆ సాయంత్రం ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొట్లలో ఈ పనిని "పంచింగ్" అంటారు. స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లి 1863లో షిఫ్లీ మిషను కనిపెట్టాడు. 1898లో ఆయన కొడుకు, చిల్లుల కార్డు చెప్పినట్లు దానంతటదే కుట్టే మిషను తెచ్చాడు. బొమ్మను ఆరు రెట్లు పెద్దదిగా గీసుకుని, ఒక్కో కుట్టునూ కార్డులో చిల్లులుగా పొడిచేవారు. కార్డులు పోయి ఫైళ్ళు వచ్చినా పేరు మాత్రం అదే.

గీతలకు రన్నింగ్ కుట్టు చాలు. ఒకటి నుంచి ఏడు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీలకు సాటిన్ కుట్టు, అంటే ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అడ్డంగా దారం. అంతకంటే వెడల్పైతే ఫిల్లింగ్. అందులో కుట్టు నాలుగు మిల్లీమీటర్లుంటే సూది పోట్లు గోడలో ఇటుకల అతుకుల్లాగా వరుస తప్పించి పడాలి. వరుసకీ వరుసకీ నడుమ 0.4 మిల్లీమీటర్లు. వీటన్నిటికీ ముందు, పైకి కనిపించని అడుగు కుట్టు వేయాలి. అది లేకపోతే బట్ట కదిలిపోతుంది.

అసలు చిక్కు బట్టతోనే. దారం బిగిసినప్పుడు బట్టను తన వైపు లాక్కుంటుంది. అందుచేత గుండ్రని సున్నాను అడ్డ కుట్లతో నింపితే, ఆ దిక్కున కుంచించుకుపోయి కోడిగుడ్డు అవుతుంది. కాబట్టి కుట్టు దిక్కున బొమ్మను 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా ముందే సాగదీసి గీయాలి. తెరమీద వంకరగా ఉన్నదే బట్టమీద సరిగ్గా వస్తుందన్నమాట! ఇంగ్లీషు అక్షరాలకు ఇది సరిపోతుంది. మన అక్షరాలన్నీ సున్నాలే. గీత లావు చేస్తే కడుపు పూడిపోతుంది, చేయకపోతే గీత చిక్కిపోతుంది. నా అక్షరాల ఎత్తు అయిదు మిల్లీమీటర్లు, వత్తు అందులో సగం, చుక్క అర మిల్లీమీటరు కూడా లేదు. దారం మందమే దాదాపు 0.4. ఇక చుక్క ఎక్కడ నిలుస్తుంది?

ఇక మా శాఖ సంగతి. మిషన్లు ఎక్కువగా చదివేది జపాను తాజిమా కంపెనీవారి డి.ఎస్.టి. ఫైలు. అందులో బొమ్మ ఉండదు, రంగు కూడా ఉండదు, "ఇక్కడ దారం మార్చు" అన్న ఆజ్ఞ మాత్రం ఉంటుంది. ఒక్కో కుట్టుకు మూడు బైట్లు. సూది ఎంత జరగాలో 1, 3, 9, 27, 81 అంకెలను కూడుతూ, తీసేస్తూ చెబుతారు. చిన్నప్పుడు 1, 3, 9, 27 తూకం రాళ్ళతో 40 దాకా ఏ బరువైనా తూచమనే లెక్క గుర్తుందా? అదే ఇది. అయిదూ కలిపితే 121, ఒక్కొక్కటీ మిల్లీమీటరులో పదోవంతు. అందుకే ఆ ఫైల్లో ఒక కుట్టు ఒక దిక్కున 12.1 మిల్లీమీటర్లు దాటదు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

రెండోసారి ఇంక్‌స్కేప్‌కి జోడించే ఇంక్‌స్టిచ్‌తో, ఉచితమే అది, ఒక్కో అక్షరం చేత్తో వేశాను. చుట్టూ ఉన్న కళాశాల పేరు తీసేశాను, దీని మీద కమిటీలో గంటసేపు గొడవైంది. మిగిలిన రెండు మాటలనూ తొమ్మిది మిల్లీమీటర్లకు పెంచాను. అక్షరాలకు 60 నంబరు దారం వాడాము. నంబరు పెరిగితే దారం సన్నం, దానికి సూదీ సన్నదే ఉండాలి. చుక్కను అన్నిటికన్నా చివర, మూడు పొట్టి కుట్లుగా పెట్టాను. వెనక బ్యాకింగ్ రెండు పొరలు వేసి మాస్టారు మిషను మెల్లగా నడిపించారు. ఈసారి నమూనా ఒక్కటే. చుక్క నిలిచింది. లెక్చరరు గారు వేలితో తడిమి చూసి జేబుకు పెట్టుకున్నారు.

మొదటి 40 బ్యాడ్జీల ఖర్చు సంఘం లెక్కల్లో రాయవద్దని నేనే చెప్పాను. మాస్టారు నెలకు కొంత చొప్పున తీసుకుంటున్నారు, ఇంకా రెండు నెలలు ఉంది.