మూడు జెండాల నెరిగిన చిన్న యోడ

యుద్ధనౌక యనగానే విద్యార్థులు పెద్ద ఫిరంగులుగల మహానౌకలనే తలంతురు. మేమిచ్చట చెప్పబూనినది అట్టిది కాదు. 200 అడుగులకు కొంచెము మించిన పొడవుగల కావలి యోడ. దీనిని కార్వెట్టు అందురు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండునకు ఆహారమును, చమురును తెచ్చు వర్తకపుటోడలను జర్మను జలాంతర్గాములు ముంచుచుండెను. వానికి కావలిగా త్వరగను చౌకగను కట్టదగిన యోడలు కావలసెను. విలియం రీడ్ అను శిల్పి తిమింగలములను వేటాడు నౌకను మాదిరిగా గైకొని వీనిని రూపొందించెను. పాతరకపు ఆవిరియంత్రమగుటచే చిన్న రేవులలోని పనివారును కట్టగలిగిరి. వేగము గంటకు 16 సముద్రపు మైళ్లు మాత్రమే. నీటిపై తేలి పరుగెత్తు జలాంతర్గామి యింతకంటె వేగముగా పోగలదు! అలలలో ఇవి ఊగు తీరు చూచి, తడి పచ్చికపై నుంచినను దొర్లునని నావికులు పరిహాసమాడెడివారు.

వీనికి పూలమొక్కల పేర్లు పెట్టిరి. మా కథలోని యోడ 'బెటొనీ' 1943 ఏప్రిల్ 22వ తేదీన స్కాట్లండులోని ఆబర్డీనులో, అలెగ్జాండరు హాల్ వారి కర్మాగారమునుండి నీట దిగెను. ఈ జాతిదే మరియొక యోడ అచ్చటనే తయారైనది. దానికి మొదట ముట్టుకొన్న దురదపుట్టించు 'నెటిల్' మొక్క పేరు పెట్టి, పిదప 'హైదరాబాదు' అని మార్చిరి. మన ఊరి పేరు పూలతోటలో చేరిన విధమిది.

1945 ఆగస్టు 24న, జపాను లొంగుబాటు ప్రకటింపబడిన కొలది దినములకే, బెటొనీ భారత నౌకాదళమునకు ఈయబడి 'సింద్' అయ్యెను. మరుసటి సంవత్సరమే బ్రిటిషువారికి తిరిగి చేరెను. 1947లో సయాము దేశము దానిని కొని, తన నది పేర 'ప్రసే' అనెను. మన దళమున 'గోండ్వానా' పేర నుండిన తోడి యోడయు అచ్చటికే పోయి 'బాంగ్పకాంగ్' అయ్యెను.

1950లో కొరియా యుద్ధము రాగా, ఐక్యరాజ్యసమితి పక్షమున ఈ రెండింటిని ఆ దేశమువారు పంపిరి. ఆ నావికులు మనవలెనే ఉష్ణదేశీయులు. ఎముకలు కొరుకు చలియు, హిమమును వారికి క్రొత్తవి. 1951 జనవరి 7న ఉత్తర కొరియా తూర్పు తీరమున మంచుతుపానులో ప్రసే మెరకనెక్కెను. ఒడ్డున శత్రువులు, చుట్టును ఘోరమైన కెరటములు. హెలికాప్టరులు నావికులను పైకెత్తి రక్షించినవి. ఇరువురు మాత్రము మరణించిరి. ఓడను కదల్చు ప్రయత్నములు ఫలింపలేదు. శత్రువుల చేత చిక్కకుండ, జనవరి 13న మిత్రపక్షపు నౌకయే దానిని ఫిరంగులతో ధ్వంసము చేసెను. జలాంతర్గాములతో పోరుటకు పుట్టిన యోడకు ఏ టార్పెడోయు తగులలేదు. తనవారి గుండ్లే తగిలినవి. ఇది మాకు మిక్కిలి విషాదకరముగ తోచుచున్నది.

థాయివారు ఆ పేరు పోనీయలేదు. అదే సంవత్సరము అక్టోబరులో అమెరికావారి 'గాలప్' అను నౌకను గైకొని దానికిని ప్రసే అనియే పేరిడిరి. అదియు 1945 మొదలు 1949 వరకు సోవియట్ నౌకాదళమున నుండి వచ్చినదే! 2000 సంవత్సరము వరకు పనిచేసి, ఇప్పుడు రేయాంగ్ మండలమున, ప్రసే నది ముఖద్వారమువద్ద, ప్రజలెక్కి చూచుటకు నిలుపబడియున్నది.