వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ఎంపిక

ప్రశ్న: వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ధ్వనిని, సౌకర్యాన్ని కొనేముందే అంచనా వేయడం ఎలా?

జవాబు: పెట్టెపై కనిపించే 20 నుంచి 20,000 హెర్ట్జ్ అనే అంకె మనిషి వినికిడి పరిధిని సూచించేదే గాని, ఆ పరిధిలో ఏ ధ్వని ఎంత బలంగా పలుకుతుందో చెప్పదు కనుక, దానిని నాణ్యతకు కొలమానంగా భావించరాదు. పాటను కుదించి బ్లూటూత్‌లో పంపి, తిరిగి విప్పే పద్ధతిని కోడెక్ అంటారు; ఎల్‌డాక్ వంటి మేలైన కోడెక్ ఫోన్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ ఉంటేనే అక్కరకు వస్తుంది.

రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు బిగ్గరగా మోగేదే మేలైనదిగా తోచడం చెవి సహజ లక్షణం కాబట్టి, రెండింటి శబ్దస్థాయినీ ముందుగా సమం చేయాలి. బాగా పరిచయమైన కర్ణాటక కచేరీ రికార్డింగు ఇందుకు ఎంతో అనువైనది: మృదంగం ఎడమ మూత మంద్రధ్వనికి గాత్రం మసకబారకుండా, తంబురా శ్రుతి వెనుక నిలకడగా వినిపిస్తే ధ్వని సమతూకంలో ఉన్నట్టే.

సౌకర్యం అయిదు నిమిషాల్లో తేలేది కాదు. కనీసం అరగంట ధరించి, నడినెత్తిపై బరువును, దవడ వద్ద బిగింపును గమనించాలి. కళ్లద్దాలు వాడేవారు వాటితోనే పరీక్షించాలి, ఎందుకంటే అద్దాల కాడ వల్ల మెత్తకు, చర్మానికి మధ్య సందు ఏర్పడితే మంద్రధ్వని పలచబడుతుంది.