వేసవి తరగతులు: పేరు చేర్చుకొనుట, పేరు తీయించుకొనుట

మన పాఠశాలలో ఒక బాలుడు వారము దినములు రానిచో ఉపాధ్యాయుడు ఇంటికి కబురంపును. పిమ్మటను రానిచో కొంతకాలమునకు హాజరు పట్టికలో వాని పేరు కొట్టివేయబడును. అందుకై తండ్రి వ్రాయవలసిన కాగితమేదియు లేదు. బహుశః ఈ అలవాటు వలననే మన భాషలో ఈ రెండింటికిని ఒకటే క్రియ నిలిచినది. “నేడు బడి మానినాడు” అందుము, “చదువు మానినాడు” అందుము. ఒకటి ఒక దినపు ముచ్చట, రెండవది బ్రతుకు ముచ్చట. సందర్భమును బట్టి మనము గ్రహింతుము. అమెరికా విశ్వవిద్యాలయపు కచేరీ మాత్రము గ్రహింపదు. అచ్చట తరగతికి పోకుండుట వేరు, తరగతినుండి పేరు తీయించుకొనుట వేరు. ఈ భేదము తెలియక డబ్బును, మార్కులును కోల్పోవు విద్యార్థులు కలరు.

హోసూరు, బళ్ళారి, బరంపురము వంటి చోట్ల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు కూడ నేడు ఆ దేశమునకు పై చదువులకై పోవుచున్నారు. కావున ఈ పాఠము మన పత్రికలో ఉండదగినదే యని నా తలంపు. ముఖ్యముగా వేసవి తరగతుల నియమములను చెప్పెదను. పొరపాటునకు అచ్చట వ్యవధి మిక్కిలి తక్కువ.

ఆ దేశమున వేసవి చదువు క్రొత్తది కాదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు వేసవి పాఠశాల 1871 నాటిది. 1892లో బోధన ఆరంభించిన చికాగో విశ్వవిద్యాలయమునకు తొలి అధ్యక్షుడైన విలియం రెయినీ హార్పరు సంవత్సరమును నాలుగు భాగములు చేసి, వేసవిని కూడ చదువు కాలముగనే యెంచెను. వేసవి రాగానే బడికి తాళము వేయు మనకు ఇది వింతగా తోచును గాని, ఒక పాఠము తప్పినవాడు దానిని మరల చదువుటకును, త్వరగా పట్టము పొందగోరువాడు ముందునకు సాగుటకును ఇది మంచి యేర్పాటు.

ఇక లెక్క చూడుడు. మూడు క్రెడిట్ల పాఠమునకు సుమారు 45 గంటల బోధన యుండును. పదునైదు వారముల సెమిస్టరులో అది వారమునకు 3 గంటలు. అదే పాఠమును వేసవిలో అయిదు వారములలో ముగించినచో వారమునకు 9 గంటలు. తరగతిలోని ఒక్కొక్క గంటకు ఇంటివద్ద రెండు గంటలు చదువవలెనని వారి వాడుక. అనగా ఒక్క పాఠమునకే వారమునకు 27 గంటలు. రెండు పాఠములు తీసికొన్నవాడు 54 గంటలు శ్రమింపవలెను. జ్వరము వచ్చి ఒక వారము పడుకొన్నచో మామూలు సెమిస్టరులో మూడు వారములు పోయినట్లే. పాఠమెట్లు కుదించుకొనిపోవునో గడువులును అట్లే కుదించుకొనిపోవును. మామూలు కాలమున వారము, పది దినములుండు గడువు వేసవిలో రెండు మూడు దినములే కావచ్చును.

ఆ గడువులకు సంబంధించిన మాటలు రెండు కలవు. మొదటిది డ్రాపు. తరగతులు మొదలైన క్రొత్తలో, నియమిత దినము లోపల, పేరు తీయించుకొనుట. అప్పుడు ఆ పాఠము ట్రాన్‌స్క్రిప్టు అను శాశ్వత మార్కుల పట్టికలో సాధారణముగా కనబడదు. ఫీజు పూర్తిగనో, అధిక భాగమో తిరిగి వచ్చును. రెండవది విత్‌డ్రాయలు. మొదటి గడువు దాటిన పిమ్మట విరమించుకొనుట. అప్పుడు పాఠము పేరు పట్టికలో నిలిచియుండి, ఎదుట డబ్ల్యు అను అక్షరము పడును. అది సగటు లెక్కకు రాదు గాని, ఫీజులో కొంతయే తిరిగి వచ్చును, లేదా ఏమియు రాదు. ఈ రెండవ గడువును దాటినచో విరమణ యన్నది లేదు. పెద్ద జబ్బు వంటి కారణము చూపి అర్జీ పెట్టుకొనవలసినదే. డ్రాపునకు, విత్‌డ్రాయలునకు కూడ మన నోట వచ్చు మాట “మానుట” యొక్కటే. చిక్కంతయు అందే యున్నది.

ఏ కాగితమును ఇయ్యక ఊరక పోవుట మానినవానికి ఏమగును? పరీక్ష వ్రాయలేదు గనుక ఎఫ్, అనగా సున్న. ఒక ఎం.ఎస్. విద్యార్థి 18 క్రెడిట్లు 3.5 సగటుతో ముగించినాడనుకొందము. వాని పాయింట్లు 63. వేసవిలో మూడు క్రెడిట్ల పాఠమున ఎఫ్ వచ్చినచో ఆ 63ను 21తో భాగింపవలెను. సగటు 3.0కు దిగును. అనేక విశ్వవిద్యాలయములు ఎం.ఎస్. చదువువారినుండి కోరు కనీసపు సగటు అదియే. ఒక్క పాఠముతో వాడు గట్టు అంచునకు వచ్చినాడు. సకాలమున విత్‌డ్రాయలు కాగితమిచ్చి యున్నచో సగటు 3.5గనే యుండెడిది. పైగా ఊరక మానినవానికి ఫీజు తగ్గదు. అది బాకీగా నిలిచినచో తరువాతి సెమిస్టరునకు పేరు నమోదు కాకుండ ఆపుటయు కలదు.

ఇట్టి మెట్లు మన దేశమునను లేకపోలేదు. 2018లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను ప్రకటించిన నియమముల ప్రకారము, ప్రవేశముల చివరి తేదీకి 15 దినములు ముందుగా విరమించినవానికి స్వల్పమైన ఖర్చు మినహా ఫీజంతయు, ఆ 15 దినముల లోపలనైనచో నూటికి 90, తేదీ దాటి 15 దినముల వరకు 80, అటుపై 30 దినముల వరకు 50, ఆ పిమ్మట సున్న. ఇచ్చట నెలపైబడి సాగు ఈ మెట్లన్నిటిని అచ్చటి వేసవిలో తరచుగా వారము, పది దినములలో దిగవలసి వచ్చును. ఎన్నవ దినమున ఎంత యన్నది ప్రతి విశ్వవిద్యాలయమునకు వేరు. స్నేహితుని కళాశాల నియమము మనకు పనికిరాదు.

ఎఫ్-1 వీసాపై నున్నవారికి మరియొక విషయము. వారికి వేసవి సాధారణముగా సెలవు కాలమే. కావున వేసవి పాఠమొకటి విడిచినంత మాత్రమున చాల మందికి వీసా భయము లేదు. కాని వేసవియే తొలి సెమిస్టరుగా చేరినవాడు పూర్తి పాఠములు చదువవలెను. వాడు విదేశ విద్యార్థుల అధికారి అనుమతి లేక ఒక పాఠము విడిచి పూర్తి లెక్కకు తగ్గినచో వీసా స్థితికే ముప్పు. అడిగిన పిమ్మట విడువవలెనే గాని, విడిచిన పిమ్మట అడుగరాదు. అట్లే, వేసవిలో వేరొక కళాశాలలో చదువదలచినవారు ఆ క్రెడిట్లు తమ విశ్వవిద్యాలయమున చెల్లునని ముందుగా వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు మీరే పంపినను, కుమార్తె చదువు సంగతి యేమని మీరు అడిగినచో కచేరీవారు చెప్పకపోవచ్చును. 1974లో అమెరికాలో చేసిన చట్టమును బట్టి, కళాశాలలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థిదే. అమ్మాయి సమ్మతి పత్రమిచ్చినగాని వారు సాధారణముగా నోరు విప్పరు. ఇది మర్యాద లేకపోవుట కాదు. కావున అడుగవలసినది అమ్మాయినే, అదియు గద్దింపుగా కాక. పాఠము కష్టముగా నున్నదని ఇంట చెప్పుటకు జంకినవారే ఊరక మానుదురని నేను ఎరుగుదును.

డబ్బు పంపువారు గడియారమును కూడ గమనింపవలెను. గడువు ఆ విశ్వవిద్యాలయమున్న చోటి కాలమును బట్టి నడచును. వేసవిలో న్యూయార్కు మనకంటె తొమ్మిదిన్నర గంటలు, చికాగో పదిన్నర గంటలు వెనుక. న్యూయార్కులో సాయంకాలము 5 గంటలకు ముగియు గడువు మనకు రాత్రి 2.30కు ముగియును. ఆ వేళ ఇచ్చట ఏ బ్యాంకును తెరచి యుండదు. కాగితము ఇచ్చిన తేదీయు గంటయు కనబడు రసీదును విద్యార్థి దాచుకొనవలెను. లెక్కకు వచ్చునది తరగతికి పోవుట మానిన దినము కాదు, సాధారణముగా ఆ రసీదుపై నున్న దినమే.