జలాశయ పూడిక – సాగునీటి నాణ్యత: నంద్యాల, ఆళ్లగడ్డ ఆయకట్టు దృష్ట్యా ఒక పరిశీలన

పూర్తి నీటిమట్టమైన 885 అడుగుల వద్ద శ్రీశైలం జలాశయపు తొలి నిల్వ సామర్థ్యం సుమారు 308 టీఎంసీలు. పూడిక వల్ల అది సుమారు 215.8 టీఎంసీలకు, అనగా దాదాపు 30 శాతం మేర తగ్గింది. ఈ నష్టాన్ని సాధారణంగా నీటి పరిమాణం దృష్టితోనే చర్చిస్తారు. పోతిరెడ్డిపాడు, వెలుగోడు జలాశయం, తెలుగుగంగ కాలువల మీదుగా ఆళ్లగడ్డ పొలాలకు చేరే నీటి నాణ్యత కూడా అంతే ముఖ్యం.

ప్రవాహవేగం తగ్గగానే ఇసుక జలాశయపు ఎగువ భాగంలోనే దిగిపోతుంది. సన్నని బంకమన్ను మాత్రం చాలా దూరం పయనిస్తుంది. రెండు మైక్రాన్ల రేణువు నిశ్చల జలంలో ఒక మీటరు లోతు దిగడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. నీటిమట్టం పడిపోయినప్పుడు బయటపడిన పాత పూడికను కొత్త వరద కోసి, తిరిగి నీటిలో కలుపుతుంది.

అడుగున పేరుకొన్న సేంద్రియ పదార్థం కుళ్లునప్పుడు ప్రాణవాయువు తగ్గుతుంది. అట్టి స్థితిలో ఇనుము, మాంగనీసు కరుగుతాయి. ఇనుముతో బంధితమైన భాస్వరం విడుదలై నాచు పెరుగుదలకు దోహదపడుతుంది.

సాగునీటి పరీక్షలలో విద్యుత్ వాహకత, సోడియం అధిశోషణ నిష్పత్తి వంటి గుణాలకే ప్రాధాన్యం ఉంటుంది. అవి కరిగిన లవణాలను తెలుపుతాయే గాని తేలియాడే మట్టిని తెలుపవు. కావున పరీక్షలో ‘మంచి నీరు’గా తేలిన నీరే బిందుసేద్యపు గొట్టాలను మూసివేయవచ్చును. లీటరుకు 50 మిల్లీగ్రాముల లోపు ఘనపదార్థాలుంటే ముప్పు స్వల్పం. 100 దాటితే తీవ్రం. 200 మెష్ జల్లెడ రంధ్రం సుమారు 75 మైక్రాన్లు. బంకమన్ను దానిగుండా సులభంగా దాటిపోయి పార్శ్వ గొట్టాల చివర పేరుకొంటుంది. జల్లెడతో పాటు గొట్టాల చివరలు తెరచి కడగడం అందుకే అవసరం.

పూడికమట్టిని పొలాలకు తోలడంలోనూ విచక్షణ అవసరం. నీటిని నిలుపుకోలేని ఎర్ర, ఇసుక నేలలకు అది మేలు చేస్తుంది. బంకమన్ను అధికంగా గల నంద్యాల నల్లరేగడి నేలలలో మాత్రం నీరు ఇంకే గుణాన్ని మరింత తగ్గించే అవకాశం ఉంది. మట్టి పరీక్ష లేకుండా సిఫారసు చేయరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు కాలువకు నీరు వదలిన తొలి దినాలలో, మధ్యకాలంలో, చివరి తడికి ముందు నమూనాలు సేకరించడం ఉచితం. కాలువ తల వద్ద, పొలం తూము వద్ద వేర్వేరుగా తీసి, తేలియాడే ఘనపదార్థాలు, ఇనుము, మాంగనీసు, భాస్వరం పరీక్షించాలి. కరిగిన ప్రాణవాయువును అక్కడికక్కడే కొలవాలి. ఈ రెండు చోట్ల ఫలితాలను పోల్చినప్పుడే మట్టి జలాశయం నుంచి వచ్చిందో, కాలువ గట్ల కోత వల్ల చేరిందో తేలుతుంది. నివారణ చర్య అందుపై ఆధారపడుతుంది.