చార్టర్ స్కూల్లో సీటొచ్చింది, చేర్చాలా వద్దా?

అమెరికాలో చలికాలం వచ్చిందంటే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో చార్టర్ స్కూళ్ళ లాటరీ గురించి మాటలు మొదలవుతాయి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మరీనూ. "సీటొస్తే అదృష్టమే" అనేవాళ్ళు కొందరు, "ఉన్న స్కూలుకేం తక్కువ?" అనేవాళ్ళు కొందరు. తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్నలు కొన్ని తీసుకుని, చట్టం ఏమంటుందో, పరిశోధనల్లో ఏం తేలిందో ఇక్కడ చెబుతున్నాం. రాష్ట్రానికో చట్టం గనక మీ రాష్ట్రం నిబంధన కూడా చూసుకోవాలి.

ఇంతకీ ఇది ప్రభుత్వ స్కూలా, ప్రైవేటు స్కూలా?

చట్టం లెక్కలో ప్రభుత్వ స్కూలే. ఫీజు ఉండదు, ఖర్చంతా పన్నుల సొమ్మే. కాకపోతే నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్ కాదు, వేరే సంస్థ. అనుమతి ఇచ్చిన వ్యవస్థతో ఆ సంస్థ కొన్నేళ్ళకు ఒప్పందం రాసుకుంటుంది. టీచర్ల నియామకంలో, పనివేళల్లో, పాఠాల ఎంపికలో దానికి స్వేచ్ఛ ఉంటుంది. ఫలితాలు చూపించకపోతే ఒప్పందం పొడిగించరు. 1991లో మిన్నెసోటా ఈ తరహా తొలి చట్టం చేసింది. మరుసటేడు సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ మొదలైంది. ఇప్పుడు దేశం మొత్తంమీద 7 వేలకు పైగా చార్టర్ స్కూళ్ళున్నాయి, వాటిలో 37 లక్షల మంది దాకా చదువుతున్నారు. ఫలితాలు చూపిస్తామన్న మాట మీద పుట్టిన స్కూళ్ళు కాబట్టి గొడవంతా ఆ ఫలితాల మీదే.

మేం హెచ్-1బీ మీద ఉన్నాం. పాపకు సీటిస్తారా?

ఇస్తారు. వీసా ఏమిటని అడిగి సీటు నిరాకరించే అధికారం ప్రభుత్వ స్కూలుకు లేదు. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు, అసలు కాగితాలే లేని పిల్లలకు కూడా ఉచిత చదువు నిరాకరించకూడదని టెక్సస్‌కు చెప్పింది. చార్టర్ స్కూలుకూ అదే వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చి తీరాలనే షరతు పెట్టకూడదు. వయసు, అడ్రస్, టీకాల కాగితాలు మాత్రం అడుగుతారు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. హెచ్-4, ఎఫ్-2 లాంటి డిపెండెంట్ వీసా మీదున్న పిల్లలకు ఇబ్బంది లేదు గానీ, పిల్లవాడికే సొంతంగా ఎఫ్-1 వీసా ఉంటే ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో చేరడానికి వీల్లేదు. హైస్కూల్లో అయితే ఖర్చంతా కట్టి పన్నెండు నెలల వరకే.

ఎంట్రన్స్ టెస్టు పెడతారా?

సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయడమే సాధారణ నియమం. ఫెడరల్ చార్టర్ గ్రాంటు తీసుకునే స్కూళ్ళకైతే అది తప్పనిసరి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఇప్పటికే చదువుతుంటే ప్రాధాన్యం ఇవ్వొచ్చు. న్యూ ఆర్లియన్స్‌లోని బెంజమిన్ ఫ్రాంక్లిన్ హైస్కూల్ లాగా మార్కులు చూసి చేర్చుకునేవీ ఉన్నాయి, అవి మినహాయింపులు. సీటు ఖాయమయ్యాక ఏ స్థాయి క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చడానికి టెస్టు పెట్టడం వేరే సంగతి, అందులో తప్పు లేదు. వెయిట్‌లిస్టులో ఉంటే ఆగస్టులో స్కూలు తెరిచే ముందు కూడా ఫోన్ రావచ్చు. బస్సు చాలాచోట్ల ఉండదు. రోజూ దించడం, తీసుకురావడం మీ పనే.

అసలు సంగతికి వద్దాం. చార్టర్ స్కూళ్ళలో చదువు మెరుగేనా?

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలోని క్రెడో అనే పరిశోధన కేంద్రం దీని మీద మూడు పెద్ద నివేదికలు తెచ్చింది. 2009 నాటి మొదటిదాంట్లో, లెక్కల్లో చుట్టుపక్కల స్కూళ్ళకంటే మెరుగ్గా ఉన్న చార్టర్ స్కూళ్ళు 17 శాతమే. 37 శాతం వెనకబడ్డాయి, మిగతావాటిలో తేడా లేదు. చార్టర్లంటే గిట్టనివాళ్ళు ఇప్పటికీ ఆ 17నే పట్టుకుంటారు. 2013కల్లా చదవడంలో చార్టర్ పిల్లలు కాస్త ముందుకొచ్చారు, లెక్కల్లో సమానమయ్యారు. 2023 నివేదికలో ఏడాదికి చదవడంలో 16 రోజులు, లెక్కల్లో 6 రోజులు ఎక్కువ నేర్చుకున్నారని తేలింది. సమర్థించేవాళ్ళ చేతిలో ఎప్పుడూ ఉండేది ఈ మూడోదే.

రెండు పక్షాల అంకెలూ నిజమే. మధ్యలో బలహీనమైన స్కూళ్ళు కొన్ని మూతపడ్డాయి, కొత్తవి వచ్చాయి. ఆ సగటు కింద ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడాలున్నాయి. 2023 నివేదికలోనే పేద నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు కలిగిన లాభం సగటుకు రెట్టింపుకు పైనే. ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ళ పిల్లలేమో లెక్కల్లో ఏడాదికి 124 రోజుల చదువు కోల్పోయారు. రెంటినీ కలిపి తీసిన సగటు మీ పాప గురించి ఏం చెబుతుంది?

"16 రోజులు ఎక్కువ" అంటే స్కూలు అన్ని రోజులు ఎక్కువ పనిచేస్తుందనా?

కాదు. అది టెస్టు మార్కుల్లో వచ్చిన తేడాను జనానికి అర్థం కావాలని రోజుల్లోకి మార్చిన లెక్క. వందమందిని మార్కుల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో, అంటే 50 దగ్గర ఉన్న పిల్లవాడు ఈ 16 రోజుల లాభంతో 51 దగ్గరికి వస్తాడు. అంతే. లెక్కల్లో అయితే ఆ ఒక్క మెట్టు కూడా పూర్తిగా ఎక్కడు. రోజుల్లో చెబితే పెద్దగా వినిపిస్తుందని గణాంకాల నిపుణులు అభ్యంతరం చెబుతూనే ఉన్నారు, సబబైన అభ్యంతరమే.

పోలిక మీద కూడా పేచీ ఉంది. క్రెడో వాళ్ళు ఒక్కో చార్టర్ విద్యార్థికి సరిజోడుగా, అదే తరగతి, అదే జాతి, అంతే ఆదాయం, అంతకుముందు అవే మార్కులున్న మామూలు పబ్లిక్ స్కూలు పిల్లల్ని వెతికి పోలుస్తారు. అన్నీ కుదిరినా ఒకటి కుదరదు. దరఖాస్తు పెట్టి, వాకబు చేసి, రోజూ కారులో దింపి రావడానికి సిద్ధపడ్డ ఆ తల్లిదండ్రుల పట్టుదల ఏ కంప్యూటర్‌లోనూ నమోదు కాదు.

మరి ఆ పట్టుదలను పక్కనపెట్టి తేల్చే దారే లేదా?

ఉంది, లాటరీయే ఆ దారి. లాటరీలో గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ ఇద్దరూ దరఖాస్తు పెట్టినవాళ్ళే, ఇద్దరి ఇళ్ళలోనూ పట్టుదల ఉన్నట్టే. ఆ తర్వాత ఎవరి చదువు ఎలా సాగిందో చూస్తే స్కూలు చేసిందెంతో తెలుస్తుంది. బోస్టన్‌లో ఆర్థికవేత్తలు ఇలాగే చూశారు. అక్కడి చార్టర్ మిడిల్ స్కూళ్ళలో, ముఖ్యంగా లెక్కల్లో, లాభం చాలా ఎక్కువని తేలింది. దేశంలో ఇంత గట్టి సాక్ష్యం ఉన్న చోట్లు అరుదు. అయినా 2016లో చార్టర్ల సంఖ్యపై పరిమితి సడలించాలా అని మసాచుసెట్స్ ఓటర్లను అడిగితే 62 శాతం వద్దన్నారు. పిల్లవాడితో పాటు డబ్బు కూడా వెళ్ళిపోతే, ఉన్న స్కూళ్ళ గతేమిటన్నది వాళ్ళ భయం.

మన తెలుగు కుటుంబాలు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. అదే మసాచుసెట్స్‌లో నగరాల బయట, సబర్బుల్లో ఉన్న చార్టర్ స్కూళ్ళను విడిగా లెక్కేస్తే లాభం కనిపించలేదు, కొన్నిచోట్ల నష్టమే. ఫెడరల్ విద్యాశాఖ కోసం మాథమాటికా సంస్థ 15 రాష్ట్రాల్లో 36 చార్టర్ మిడిల్ స్కూళ్ళ లాటరీలు పరిశీలించి 2010లో ఇచ్చిన నివేదికదీ ఇదే వరస. సగటున తేడా లేదు, పేద పిల్లలకు లెక్కల్లో మేలు జరిగింది, కలిగిన ఇళ్ళ పిల్లలు వెనకబడ్డారు. ఇందులో వింతేమీ లేదు. లాటరీలో ఓడిన పిల్లవాడు వెళ్ళే స్కూలు ఎలాంటిదన్న దాని మీదే లాభం ఆధారపడి ఉంటుంది. బోస్టన్‌లో ఓడినవాడు నగరంలోని మామూలు స్కూలుకు వెళ్తాడు. ఇల్లు కొనేముందే స్కూలు రేటింగు చూసి ఫ్రిస్కోలో దిగిన ఐటీ కుటుంబానికి ఓడినా మంచి స్కూలే. అలాంటివాళ్ళకు చార్టర్ స్కూలు చదువును పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదన్నదే నా అభిప్రాయం. వేరే కారణాలతో చేర్చడం వేరు.

ఈ లాటరీ పరిశోధనలకూ ఒక లోటుంది. లాటరీ తీయాల్సినంత గిరాకీ ఉన్న స్కూళ్ళే వాటికి దొరుకుతాయి.

దేశంలోనే టాప్ ర్యాంకు స్కూలట కదా?

అరిజోనాలో 1998లో టూసన్‌లో మొదలైన బేసిస్ చార్టర్ స్కూళ్ళు యూఎస్ న్యూస్ ర్యాంకుల్లో పదే పదే పైన నిలిచాయి. ఆ ర్యాంకులో, హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలకు పెద్ద వాటా ఉంది. బేసిస్‌లో ఏపీ పరీక్షలు రాయడం తప్పనిసరి. చదువు గట్టిదే, అందులో అనుమానం లేదు. కానీ కింది తరగతుల్లో చేరినవాళ్ళలో పన్నెండు దాకా మిగిలేవాళ్ళు తక్కువన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు విని పెరిగిన చెవులు మనవి. ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ఊదరగొట్టే గొంతు, ఎన్ని వేలమంది చేరితే ఆ నలుగురు వచ్చారో ఎప్పుడైనా చెప్పిందా?

కాబట్టి ర్యాంకు పక్కనపెట్టి తరగతుల వారీ సంఖ్య చూడండి. రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఉదాహరణకు, ఒక ఏడాది ఆరో తరగతిలో 120 మంది ఉండి, ఆరేళ్ళ తర్వాత పన్నెండులో 50 మందే ఉన్నారనుకోండి. ఆ 70 మంది ఎటుపోయారు? కష్టం తట్టుకోలేక వెళ్ళారా, ఇల్లు మారారా, పొమ్మనకుండా పొగబెట్టారా? వాళ్ళ ఖాళీల్లో కొత్తవాళ్ళను తీసుకున్నారా? న్యూయార్క్‌లో మార్కులకు పేరు మోసిన సక్సెస్ అకాడమీ పై తరగతుల్లో కొత్తవాళ్ళను తీసుకోదు. మామూలు పబ్లిక్ స్కూలు నవంబరులో వచ్చిన పిల్లవాణ్ణి కూడా చేర్చుకోవాల్సిందే. ఈ రెంటి మార్కులూ పక్కపక్కన పెట్టి చూడటం సరికాదు. అన్నీ ఒకలాంటివి కావు కూడా. కిప్ అనే మరో చార్టర్ సంస్థ స్కూళ్ళను మాథమాటికా పరిశీలిస్తే, అక్కడ మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళ శాతం చుట్టుపక్కల స్కూళ్ళలాగే ఉంది, లాభం మాత్రం నిజమని తేలింది.

ఆన్‌లైన్ చార్టర్ స్కూలు?

పైన చెప్పిన 124 రోజులు గుర్తుంచుకోండి. ఒహాయోలో ఈకాట్ అనే ఆన్‌లైన్ చార్టర్ 2018 జనవరిలో, చదువుల మధ్యలో మూతపడింది. దాదాపు 12 వేల మంది పిల్లలు మరో స్కూలు వెతుక్కున్నారు.

ఫారంలో ఇంటి భాష తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్‌లో (ఇంగ్లిష్ రాని పిల్లల ప్రత్యేక క్లాసులో) వేస్తారట. ఇంగ్లిష్ అని రాసేయమంటున్నారు...

చేర్చేటప్పుడు ఇచ్చే కాగితాల కట్టలో ఒక పేజీ ఉంటుంది. పిల్లవాడు మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా ఏం మాట్లాడతారు అని రెండు మూడు ప్రశ్నలు. చాలామంది కలం అక్కడే ఆగుతుంది. అమ్మమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద దిగి ఉన్న ఇంట్లో "ఇంగ్లిష్" అని రాయడం చూస్తే నవ్వొస్తుంది.

తెలుగు అని రాస్తే జరిగేదల్లా పిల్లవాడికి ఒక ఇంగ్లిష్ టెస్టు. ఇంగ్లిష్ బాగా వస్తే కథ అక్కడితో సరి. రాకపోతే భాషాసాయం ఇవ్వడం స్కూలు బాధ్యత. ఆ ప్రత్యేక క్లాసు వద్దని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది. కాకపోతే పట్టు వచ్చేదాకా ఏటా టెస్టు మాత్రం రాయాలి. టెక్సస్‌లో దాని పేరు టెల్పాస్, కాలిఫోర్నియాలో ఎల్పాక్, చాలా రాష్ట్రాల్లో విడా. చార్టరైనా డిస్ట్రిక్టైనా ఇదే పద్ధతి. నిజం రాయడం వల్ల పోయేదేమీ లేదు.

బాబుకు స్పీచ్ థెరపీ కావాలి. "మా దగ్గర ఆ సదుపాయం లేదు, డిస్ట్రిక్ట్ స్కూలైతే మేలు" అన్నారు.

అలా అనకూడదు. వైకల్యం ఉన్న పిల్లల చదువుకు సంబంధించిన ఫెడరల్ చట్టం చార్టర్ స్కూలుకూ పూర్తిగా వర్తిస్తుంది. పాత స్కూల్లో ఐఈపీ (పిల్లవాడికి ఏ సేవలు ఇవ్వాలో రాసుకున్న ప్రణాళిక) ఉంటే కొత్త స్కూలు దానికి సమానమైన సేవలు ఇవ్వాలి. నోటిమాటతో సర్దుకుని రాకండి. పరీక్షించమని ఈమెయిల్లో అడగండి, నిరాకరిస్తే కారణాలు రాసి ఇమ్మనండి. రాతపూర్వకంగా ఇవ్వడం వాళ్ళ చట్టబద్ధ బాధ్యత. మార్కులు పడిపోతాయన్న భయంతో ఇలాంటి పిల్లల్ని మెల్లగా పక్కకు పంపడం చార్టర్ల మీదున్న పాత ఫిర్యాదుల్లో ఒకటి.

యూనిఫాం, క్రమశిక్షణ విషయంలో వాళ్ళిష్టమేనా?

పూర్తిగా కాదు. నార్త్ కరోలినాలో ఒక చార్టర్ స్కూలు ఆడపిల్లలు స్కర్టే వేసుకోవాలని నియమం పెట్టింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. తాము ప్రైవేటు సంస్థ అన్నది స్కూలు వాదన. 2022లో ఫెడరల్ ఫోర్త్ సర్క్యూట్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, ఆ నియమం రాజ్యాంగ విరుద్ధమంది. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. ఈ తీర్పు నేరుగా వర్తించేది నార్త్ కరోలినా, సౌత్ కరోలినా, వర్జీనియా, వెస్ట్ వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాలకు.

చేర్చేముందు ఏ వివరాలు చూడాలి?

2015 నాటి ఫెడరల్ విద్యాచట్టం ప్రకారం మూడు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి చదవడం, లెక్కల పరీక్షలు జరగాలి. ప్రతి స్కూలుకూ రిపోర్టు కార్డు ప్రచురించాలి, చార్టర్‌కు మినహాయింపు లేదు. అందులో ఎంతమంది పాసయ్యారన్న అంకె కంటే, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్ళారో చూపే గ్రోత్ అంకె విలువైనది. మొదటిది ఎలాంటి ఇళ్ళ పిల్లలు చేరారో చెబుతుంది, రెండోదాంట్లో స్కూలు చేసిన పని కాస్తయినా కనిపిస్తుంది. టీచర్ల సంగతి కూడా అడగండి. అరిజోనాలో చార్టర్ టీచరుకు సర్టిఫికేషన్ ఉండి తీరాలన్న నియమం లేదు. చేర్చాక మీ పిల్లల రికార్డులు చూపించమంటే 45 రోజుల్లోగా చూపించాలి.

చేర్చాం, నచ్చలేదు. వెనక్కి రావచ్చా?

ఎప్పుడైనా రావచ్చు. మీ అడ్రసుకు చెందిన డిస్ట్రిక్ట్ పిల్లవాణ్ణి చేర్చుకోవాల్సిందే. చార్టర్ ఒప్పందం రద్దయి స్కూలు మూతపడినా అంతే. వదిలేసిన చార్టర్ సీటు మళ్ళీ కావాలంటే మాత్రం ఇంకోసారి లాటరీలో పేరివ్వాలి.