కథయు శాస్త్రమును: పాఠశాల విద్యార్థుల పఠనసామగ్రిపై ఒక పరిశీలన

పాఠ్యగ్రంథము వేరు, పఠనగ్రంథము వేరు. మొదటిదానిని విద్యార్థి పరీక్ష కొరకు చదువును. రెండవదానిని తనంత తాను చేతికి తీసికొనును. కథల పుస్తకము కాలక్షేపమునకు, విజ్ఞానశాస్త్ర పుస్తకము మార్కులకు అను విభాగము తల్లిదండ్రులలోనే కాక ఉపాధ్యాయులలోను నాటుకొని యున్నది. ఈ విభాగము భారతీయ విద్యాసంప్రదాయమునకు అనుగుణము కాదు. కథ శాస్త్రమునకు ద్వారము కాగలదు. అయితే విద్యార్థిని ద్వారముకడనే నిలిపివేయు కథ శాస్త్రమునకు అపకారమే చేయును. ఈ రెండంశములను నిరూపించుటయే ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

నిదర్శనమునకు హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములను గ్రహింపవచ్చును. 2016 వరకు రంగారెడ్డి జిల్లాలో నుండి, ఆ సంవత్సరము అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరిన ప్రాంతములివి. శామీర్‌పేటలో విశాలమైన చెరువు కలదు. పరిసరములందు గ్రానైటు బండలు గుట్టలుగా నున్నవి. తుర్కపల్లి వైపు 1990ల చివర రూపుదాల్చిన జీనోమ్ వ్యాలీలో టీకాలు, ఔషధములు సిద్ధమగుచున్నవి. 2008లో బిట్స్ పిలానీ సంస్థ యొక్క హైదరాబాదు ప్రాంగణము జవహర్‌నగర్‌లో ప్రారంభమైనది. ఈ విద్యాసంస్థలకు, పరిశోధనాగారములకు చేరువనే గ్రామముల ప్రభుత్వపాఠశాలలు కలవు. వ్యవసాయకుటుంబముల పిల్లలతోపాటు, పరిశ్రమలలో పనికై ఇతర ప్రాంతములనుండి వచ్చినవారి పిల్లలును అందు చదువుచున్నారు.

తెలంగాణ ప్రభుత్వపాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరమున ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆ పరివర్తనకు తోడుగా ఒక పుటలో ఆంగ్లము, ఎదుటి పుటలో తెలుగు గల ద్విభాషాపాఠ్యగ్రంథములు ఇయ్యబడినవి. ఒకే విషయమునకు రెండు సంజ్ఞలు ఎదురెదురుగా నుండగా, రెండును అర్థము కాని విద్యార్థి రెంటిని కంఠస్థము చేయును. ఇంటికి కొలది దూరములోనే టీకా తయారగుచున్నను, అది శరీరములో నెట్లు పనిచేయునో కథగా చెప్పిన పుస్తకము అట్టి విద్యార్థి చేతికి వచ్చుట అరుదు. ఈ కొరతను పాఠ్యగ్రంథము ఒక్కటియే తీర్చజాలదు. దానికి పఠనగ్రంథము తోడుండవలెను.

సంప్రదాయమున కథాశాస్త్రముల పొత్తు

పంచతంత్రము యొక్క పీఠికయే ఒక విద్యాసిద్ధాంతము. చదువుపై విముఖులైన ముగ్గురు రాజకుమారులను ఆరుమాసములలో నీతిశాస్త్రకోవిదులను చేయుదునని విష్ణుశర్మ ప్రతిజ్ఞ చేసి, కథలను సాధనముగా గ్రహించెను. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక ఆ కథలనే తెలుగు విద్యార్థులకు పాఠ్యముగా నందించినది.

ఈ పద్ధతి నీతికి మాత్రమే పరిమితము కాలేదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతి గణితగ్రంథము. అందలి ఒక లెక్కలో తామరపువ్వు నీటిపై జానెడెత్తున నిలిచియుండును. గాలి వీచగా అది మెల్లగా ఒరిగి, మొదటి స్థానమునకు రెండు మూరల దూరమున నీట మునుగును. చెరువు లోతెంత అని ప్రశ్న. జాన అరమూర గనుక లోతు మూడు ముప్పాతిక మూరలని తేలును. శామీర్‌పేట చెరువు గట్టున నిలుచు బాలిక నీటిలో కాలు పెట్టకయే లోతు కనుగొనవచ్చునని ఈ లెక్క నేర్పుచున్నది. లంబకోణత్రిభుజ సిద్ధాంతము పేరు ఆమె తరువాత వినును. దాని అవసరము ముందే ఆమెకు తెలిసి యుండును.

తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు చేసిన పావులూరి మల్లన మూలమును యథాతథముగా దింపలేదు. జైనప్రస్తావనలున్న తావుల శైవప్రస్తావనలు చేర్చి, ఉదాహరణములను తన పాఠకులకు పరిచితమగునట్లు మార్చెను. గణితము మారలేదు, ఉదాహరణము మారినది. నేడు పరభాషాగ్రంథములను బాలుర కొరకు అనువదించువారికి ఇది గమనింపదగిన మార్గము.

హైదరాబాదు నగరమునకే చెందిన మరియొక నిదర్శనము కలదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు మునగాల రాజా నాయని వేంకటరంగారావు ప్రోత్సాహముతో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని ఇచట స్థాపించిరి. 1908లో అది మదరాసునకు తరలినది. చరిత్రలు, జీవితచరిత్రలు, రసాయనాది శాస్త్రగ్రంథములు, నవలలు ఒకే మండలి పక్షమున వెలువడినవి. నవలకు, శాస్త్రగ్రంథమునకు ఒక్కడే పాఠకుడని ఆ సంపాదకులు భావించినట్లు దీనివలన తెలియుచున్నది. ఢిల్లీలోని జాతీయ భౌతికప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు మహీధర నళినీమోహన్ (1933–2005) తన విజ్ఞానగ్రంథములకు పిడుగుదేవర కథ, క్యాలెండర్ కథ అని పేర్లు పెట్టుటలోను ఈ దృష్టియే కానవచ్చును.

శాఖాచంద్ర న్యాయము

కథ శాస్త్రమునకు ఎంతవరకు ఉపకరించునో నిర్ణయించుటకు శాఖాచంద్ర న్యాయము చాలును. విదియనాటి చంద్రుడు సన్నని రేఖ. దానిని శిశువునకు చూపదలచినవారు ముందు చెట్టుకొమ్మను చూపి, దానికి పైన చూడుమందురు. కొమ్మకు చంద్రునితో సంబంధము లేదు. అయినను కొమ్మ లేనిదే చూపు చంద్రునివైపు తిరుగదు. చంద్రుడు కనబడిన పిమ్మట కొమ్మను విడువవలెను. కొమ్మనే చంద్రుడనుకొనిన శిశువు ఏమియు చూపనివానికంటె నష్టపడును.

నీతికథలో ఈ ప్రమాదము తక్కువ. కాకి, ఎలుక, తాబేలు మాటలాడవని వినుచున్న బాలునికి ముందే తెలియును. కథ ముగియగానే అతడు వాని మాటలను విడిచి మైత్రి యను భావమును గ్రహించును. విజ్ఞానకథలో అట్లు కాదు. చెట్టునకు దాహము వేసినదనియు, అది వేళ్లతో నీటిని త్రాగినదనియు చెప్పినచో, దానిలో కల్పన యెంత, సత్యమెంత యని విడదీయుటకు బాలునివద్ద సాధనము లేదు. చెట్టు కోరి త్రాగుచున్నదను భావము అతని మనస్సున స్థిరపడి, పై తరగతులలో ద్రవాభిసరణము చదువునప్పుడు అడ్డుపడును. కావున విజ్ఞానకథారచయితకు నీతికథారచయితకు లేని బాధ్యత ఒకటి కలదు. కొమ్మను చూపిన చేతితోనే దానిని విడిపింపవలెను. కథ ముగిసిన చోట, ఇందు కల్పించిన దిది, నిజముగా జరుగున దిది యని రెండు మూడు వాక్యములలో చెప్పుట ఆవశ్యకము.

సంజ్ఞ, వ్యుత్పత్తి

న్యాయశాస్త్రభాష్యమున వాత్స్యాయనుడు శాస్త్రప్రవృత్తిని ఉద్దేశము, లక్షణము, పరీక్ష యని మూడు విధములుగా చెప్పెను. పేరు చెప్పుట, స్వరూపము తెలుపుట, ఆ లక్షణము పొసగునో లేదో విచారించుట అని వాని తాత్పర్యము. పండితులకు ఈ క్రమము యుక్తమే. బాలుని విషయమున దీనిని తిరుగవేయుట మేలు. ముందు చూచుట, పిదప స్వరూపము, చివర పేరు. వస్తువు తెలిసినవానికి పేరు జ్ఞాపకమునకు ఆధారమగును. తెలియనివానికి అదియే భారమగును.

ద్రవాభిసరణమను పదమునే తీసికొనవచ్చును. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచినచో మరునాటికి ఊట దిగును. ఎండుద్రాక్షను నీటిలో వేసినచో ఉబ్బును. ఒకచోట నీరు ముక్కనుండి వెలికి వచ్చినది. వేరొకచోట పండులోనికి పోయినది. రెండుచోట్లను పలుచని పొర గుండా, ఉప్పుగాని చక్కెరగాని చిక్కగా నున్న వైపునకే అధికముగా నడిచినది. ఇంతవరకు చూచిన పిమ్మట పదమును విప్పినచో సుగమము. సృ ధాతువునకు నడచుట అర్థము, అభి యనగా ఎదురుగా, వైపునకు. ద్రవము ఒక వైపునకు నడచుట ద్రవాభిసరణము. ప్రియుని వైపు నడచు నాయికను అభిసారిక యనుటయు ఈ ధాతువుతోనే యని అలంకారశాస్త్రము చదివినవారికి చెప్పనక్కరలేదు.

అట్లే కిరణజన్య సంయోగక్రియలో, కిరణముల శక్తివలన పుట్టినది, వేరైనవానిని కలుపునది యను రెండర్థములు కలవు. కలుపబడునవి నీరు, బొగ్గుపులుసు వాయువు. ఫలితము పిండిపదార్థము, ప్రాణవాయువు. టీకా యను పదము మరియొక విధమైనది. సంస్కృతమున టీకా యనగా వ్యాఖ్య. సూది మందునకు చెల్లు టీకా నుదుటి బొట్టునకు హిందీలో నున్న మాట. చర్మముపై పడు గుర్తును బట్టి ఆ వ్యవహారము వచ్చినది. రూపసామ్యము చూచి రెంటిని ఒకటిగా భావింపరాదని బోధించుటకు ఇది తగిన ఉదాహరణము.

ద్విభాషాపుటలు గల నేటి విద్యార్థికి ఇట్టి వివరణము మరింత అవసరము. తెలుగు సంజ్ఞ అర్థవంతమైనప్పుడు దాని ఎదుటనున్న ఆంగ్లసంజ్ఞకు అది వ్యాఖ్యానముగా పనిచేయును. అట్లు కానిచో తెలుగు పుటను తిరుగవేయువారే యుండరు.

ఒక పఠనపాఠము యొక్క స్వరూపము

ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయమున భూమి తనచుట్టు తాను తిరుగునని చెప్పి, నావలో ముందుకు పోవువానికి గట్టుననున్న చెట్లు వెనుకకు పోవుచున్నట్లు తోచుటను దృష్టాంతముగా చూపెను. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దిలోను, లల్లుడు తరువాతను దీనిని అంగీకరింపలేదు. భూమి తిరుగుచున్నచో ఆకాశమున కెగిరిన పక్షి తన గూటికి ఎట్లు చేరుననిరి. ఆక్షేపము తేలికైనది కాదు. కంటికెదుట జరుగు విషయమును ఆధారముగా గొన్నది.

దీనిని ఆరవతరగతి విద్యార్థికి కథగా చెప్పవచ్చును. మేడ్చల్ స్టేషనునుండి నిజామాబాదు వైపు పోవు రైలులో ఒక బాలిక కూర్చున్నది. చెట్లు వెనుకకు పోవుచున్నవి. నావ దృష్టాంతము ఆమెకు అనుభవమైనది. ఎదుట కూర్చున్న అన్న పక్షి ప్రశ్న వేసెను. ఆమె ఒక నాణెమును నిట్టనిలువుగా పైకెగురవేసెను. రైలు ముందుకు పోవుచున్నను నాణెము తిరిగి ఆమె అరచేతనే పడినది. నాణెమునకు రైలు వేగము ముందే కలదు. పైకెగిరినంతమాత్రమున అది పోలేదు. అట్లే గాలియు, పక్షియు, గూడును భూమితోపాటు తిరుగుచున్నవి. జడత్వమను సంజ్ఞను ఇచట చెప్పవలెను. రైలు వేగము తగ్గుచున్నప్పుడు నాణెమును ఎగురవేసినచో ఎచట పడునను ప్రశ్నతో పాఠమును ముగింపవలెను. పరీక్ష విద్యార్థి చేతికి వచ్చినది.

ఈ పాఠమున మరియొక ప్రయోజనము కలదు. శిష్యధీవృద్ధిదమను పేర విద్యార్థుల కొరకే గ్రంథము రచించి, అందు మిథ్యాజ్ఞానాధ్యాయమున గ్రహణములకు రాహువు కారణమను మతమును ఖండించిన లల్లుడే భూభ్రమణమును నిరాకరించెను. ఒకచోట ఒప్పును, వేరొకచోట తప్పును చెప్పిన ఆచార్యుని చూచిన విద్యార్థి వ్యక్తిగౌరవమునకును వాక్యపరీక్షకును గల భేదమును గ్రహించును.

స్థానికవస్తువులు

కథకు వస్తువు దూరమున వెదుకనక్కరలేదు. సికింద్రాబాదు సమీపమున బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. తనను కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున పుచ్చుకొని ప్రయోగమునకు తోడ్పడిన రోగి హుస్సేన్ ఖాన్. ఆ రోగి వైపునుండి కథ చెప్పినచో విజ్ఞానము ఎవరి సహనముమీద నిలిచినదో కూడ పాఠకునికి తెలియును. జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ సంస్థ సిద్ధపరచిన కొవాగ్జిన్ టీకాకు 2021 జనవరిలో అత్యవసర వినియోగానుమతి లభించినది. నిర్వీర్యము చేసిన వైరస్‌ను చూచి శరీరము అసలు శత్రువును గుర్తుపట్టుట నేర్చుకొనుట అందలి ప్రక్రియ. శత్రువు, గుర్తుపట్టుట యనునవి ఇచట కొమ్మలే యని చివర చెప్పవలెను.

ఒక హెచ్చరిక

పురాణకల్పనను శాస్త్రచరిత్రగా బోధించుట వలన రెండును చెడును. పుష్పకము కావ్యవస్తువు, దాని గొప్పతనము కవికల్పనలో నున్నది. వైమానికశాస్త్రమను గ్రంథమును 1974లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థ పండితులు పరిశీలించి, అది ఇరువదవ శతాబ్ది ఆరంభమునాటి రచన యనియు, అందు వర్ణింపబడిన యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. సంస్కృతమున నున్నంత మాత్రమున ఒక వాక్యము ప్రాచీనము కాదు, ప్రాచీనమైనంత మాత్రమున ప్రమాణము కాదు. ఈ మాటను ఇతరులు చెప్పుటకంటె సంస్కృతపండితులు చెప్పినచో విద్యార్థులలో నెక్కువ నిలుచును. రాహుకథను కథగా చెప్పి, పక్కనే భూచ్ఛాయ బొమ్మను గీసి చూపిన పుస్తకము పురాణమునకు గాని గణితమునకు గాని అన్యాయము చేయదు.

ప్రాచ్యకళాశాలల కర్తవ్యము

శాస్త్రసంజ్ఞలలో అధికభాగము సంస్కృతధాతువులనుండి వచ్చినవి. వానిని విప్పి చెప్పగల శక్తి ప్రాచ్యకళాశాలలకు కలదు; విషయమును సరిచూడగల శక్తి విజ్ఞానోపాధ్యాయులకు కలదు. ఇరువురును కూడి, ఒక్కొక్క కళాశాల తన సమీపపాఠశాల కొరకు ఏడాదికి నాలుగైదు చిన్నపుస్తకములు సిద్ధపరచుట అసాధ్యము కాదు. పుస్తకమునకు ఒక కథ, ఒక సంజ్ఞ, ఇంటనో బడిలోనో చేయదగిన ఒక పరీక్ష చాలును. భాష సరళముగా నుండవలెను. సంజ్ఞ మాత్రము శుద్ధముగా నుండవలెను. అచ్చునకు పంపుటకు ముందు వ్రాతప్రతిని ఆరవతరగతి విద్యార్థిచేత బిగ్గరగా చదివింపవలెను. అతడు ఎచట ఆగునో అచట దిద్దవలసినది రచనయే. ఆ దిద్దుబాటునకు సిద్ధపడిన పండితుడే బాలురకు రచయిత కాదగును.